ఊ కొట్టే మీట

గోడ గడియారం మూడు దాటి నాలుగు నిమిషాలు చూపిస్తోంది, ఒళ్ళో ఉన్న కంప్యూటర్ ఏడు నిమిషాలంటోంది, ఏది నిజమైనా నాలుగింటికి డాక్టరమ్మ తన గదిలోకి పిలుస్తుంది, అప్పటికి నా దగ్గర ఒక తారీకు ఉండాలి. ఒక్క తారీకు. అక్కకి మొదటిసారి తేడా చేసింది ఏ రోజు? పొద్దున ఆవిడ అక్క తల ఫొటోని వెలుగుతున్న పలకకి ఆనించి, మాసిన బట్టమీద మరకని చూసినట్టు కళ్ళు చిట్లించి చూసి, "సుమారుగా అంటే కుదరదమ్మా. ఈ గడ్డ నాలుగు నెలల్లో ఇంతయిందా, అది ఒక రకం. దాన్ని కదిలించి లాభం లేదు, మనిషిని హింసపెట్టడమే అవుతుంది. ఏడాది పైనుంచీ మెల్లగా పెరుగుతూ వచ్చిందా, అది ఇంకో రకం. అప్పుడు తల తెరవడానికి నేను వెనకాడను. ఫొటో చూస్తే అటూ చెప్పడం లేదు, ఇటూ చెప్పడం లేదు. ఇంట్లోవాళ్ళు మీరే చెప్పాలి," అంది. ఇంట్లోవాళ్ళంటే మంచం పక్కన నిలబడ్డ బావగారు, నేను. బావగారు బెంచీ మీంచి లేచిన పిల్లవాడిలా వెంటనే జవాబు చెప్పేశారు. "నాలుగు నెలలేనండి. అంతకుముందు గుండ్రాయిలా ఉండేది." ఆవిడ ఆయన వంక చూసి, తర్వాత నావంక చూసింది. నేను ఉత్తరాలున్నాయి, చూసి చెప్తానన్నాను. ఉత్తరాలున్నాయి అన్నప్పుడు నా గొంతు మామూలుగానే ఉంది, అది తల్చుకుంటే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంది.

ఒకదానికొకటి అతికించిన ఇనప కుర్చీల వరసలో చివరిదాంట్లో కూర్చున్నాను. నా పక్క కుర్చీలో బావగారి ప్లాస్టిక్ ఫైలు, దాని పక్కన బావగారు. ఆయన ఎడమ కాలికి నల్ల చెప్పు, కుడి కాలికి మట్టిరంగు చెప్పు. మొన్న సాయంత్రం అక్క వంటింట్లో పడిపోయి కొట్టుకుంటుంటే ఏవి దొరికితే అవి తొడుక్కొచ్చేశారు, అప్పట్నుంచి ఇంటికి పోలేదు. ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేరు. నేనూ చెప్పలేదు. ఎదుటి గోడమీద 'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు ఒక పక్కకి వాలి వేలాడుతోంది, మేకు ఒకటే కొట్టారు, రెండు కొట్టాల్సింది. లేచి సరిచేయాలని చేతులు దురద పెడుతున్నాయి. నా చేతులకి ఎప్పుడూ అంతే, వాలిన బోర్డు, వదులైన మూత, అంచు కలవని దుప్పటి, ఇవి నాకు వెంటనే కనిపిస్తాయి. నీ కంటికి ఏదీ తప్పించుకోలేదే చిన్నీ అనేది అక్క, మెచ్చుకోలుగానే అనేది. మెచ్చుకోలుగానే రాసింది కూడా. ఆ మాట ఎక్కడో రాసింది. దానిదగ్గరికి ఇంకా పోలేదు నేను.

"ఏమ్మా, ఆ నల్ల తెరలో ఏం కనిపిస్తుంది నీకు? అన్నీ చీమలు పాకినట్టున్నాయి," అన్నారు బావగారు కళ్ళు సగమే తెరిచి. నిద్రపోతున్నారనుకున్నాను. ఉత్తరాలు బావగారూ, అక్క రాసినవి, అన్నాను. "ఇన్ని రాసిందా నీకు? నాతో రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప." ఆయన నవ్వబోయి మానేశారు. అందరి కంప్యూటర్లలోనూ ఉత్తరాలకి తెల్లటి పేజీలు, రంగు బొమ్మలు ఉంటాయి, నాదాంట్లో నల్లటి తెర, దానిమీద వరసలు. ఇది మావారు తన ఆఫీసులో వాడేది, మూడేళ్ళ కిందట నాకూ పెట్టి ఇచ్చారు. దీన్లో గదులు లేవు, అరలు లేవు అన్నారు, వచ్చిన ఉత్తరాలన్నీ ఒకటే కుప్ప, ఒక్కోదానికి నీకిష్టమైనన్ని చీటీలు అంటించుకో, ఆ చీటీనే ట్యాగ్ అంటారు, ఎప్పుడు ఏది కావాలంటే ఆ మాట కొట్టు, కుప్పలోంచి అవే పైకి లేస్తాయి. నాకు చప్పున అర్థమైంది. వంటింట్లో నా డబ్బాలన్నింటికీ చీటీలుంటాయి, కొన్న తారీకుతో సహా, కానీ డబ్బాకి వచ్చిన చిక్కేమిటంటే అది ఒక అరలోనే ఉండగలదు. ఉత్తరం అలా కాదు, అది 'బడి'లోనూ ఉంటుంది, 'మందులు'లోనూ ఉంటుంది, 'జవాబు రాయాలి'లోనూ ఉంటుంది. నెల తిరిగేసరికి మావారికన్నా నేనే దాన్ని ఎక్కువ దువ్వాను. ఏ ఉత్తరం ఏ రంగులో కనిపించాలో, వచ్చీ రాగానే దేనికి ఏ చీటీ దానంతటదే అంటుకోవాలో, ఏ మీట నొక్కితే ఏం జరగాలో, అన్నీ చిన్న చిన్న సూత్రాలు రాసుకున్నాను. రాత్రి పడుకోబోయే ముందు 'చూడాల్సినవి' అన్న వరసలో సున్నా ఉండాలి నాకు. కడిగి బోర్లించిన గిన్నెల్లాగా. "మన ఇంట్లో కంప్యూటర్ చదివింది నేనా నువ్వా?" అనేవారు మావారు. "దీన్లో ఇంకో గొప్పేంటో తెలుసా, ఏదీ పోదు. నువ్వు పారేశాననుకున్నది కూడా అడుగున ఉంటుంది." మనుషులన్నాక కొన్ని పోవాలి కదండీ అని నేను ఎకసెక్కం ఆడాను. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం.

మూడూ పదిహేను. అక్క పంపినవి, వాటిలో 'తలనొప్పి' ఉన్నవి, అని కొట్టాను. రెప్పపాటులో ఏడు వచ్చాయి. అన్నింటికన్నా పాతది నాలుగు నెలల కిందటిది. 'రెండ్రోజుల్నించి తలనొప్పి, అద్దాలు మార్చాలేమో.' నాలుగు నెలలు. బావగారు చెప్పిందీ అదే. మొగుడి మాటా ఉత్తరాల మాటా ఒకటయ్యాయి, ఇంకేం కావాలి, మూసేసి డాక్టరమ్మకి ఈ తారీకే చెప్పచ్చు, ఎవరూ నన్ను ఇంకో ప్రశ్న అడగరు. మెట్ల దగ్గర టీ ఇచ్చే యంత్రం ముందు ఒకాయన గ్లాసు పెట్టి మీట నొక్కాడు, వేడినీళ్ళు మాత్రమే వచ్చాయి, మళ్ళీ నొక్కాడు, మళ్ళీ వేడినీళ్ళే, ఆ గ్లాసునే పట్టుకుని అలా నిలబడిపోయాడు. నాలుగు నెలలంటే కదిలించి లాభం లేదంది ఆవిడ. హింసపెట్టడమే అంది. నాలుగు నెలలని చెప్తే అక్కని ఆ మంచం మీద అలాగే ఉంచుతారు. అలాగే అంటే ఎన్నాళ్ళు అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు, వెలుగుతున్న పలక స్విచ్చి కట్టేసింది. కానీ నాకు తెలుసు ఇది నాలుగు నెలలు కాదని. ఎలా తెలుసంటే, చదవలేదు కాబట్టి తెలియదు, కానీ తెలుసు. వరసలో ప్రతి ఉత్తరానికీ పైన ఒక శీర్షిక కనిపిస్తుంది, పంపినవాళ్ళు పెట్టుకున్న నాలుగు మాటలు. లోపలికి పోకపోయినా అవి కళ్ళముందు నుంచి పోతూనే ఉంటాయి, రైలు కిటికీలోంచి స్టేషన్ల పేర్లలాగా. అక్క శీర్షికలు తమాషాగా ఉండేవి. 'ఈ వారం మూడో కప్పు.' 'కప్పులకి నామీద పగ.' తెర ముందు కూర్చుని ఆ శీర్షిక చూసి నవ్వుకుని, ఆ మీట నొక్కేదాన్ని.

ఆ మీట. అక్కా నేనూ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం, ఆమెకి పదమూడు, నాకు ఆరు. అక్క కథ చెప్పాలి, నేను ఊ కొట్టాలి, ఊ ఆగితే కథ ఆగుతుంది, అదీ ఒప్పందం. కథ ఆగిపోతుందన్న భయానికి నేను నిద్రలో కూడా ఊ కొట్టడం నేర్చుకున్నాను. అక్క ఊరుకుంటుందా, పరీక్ష పెట్టేది. రాజకుమారుడు గుర్రం ఎక్కాడు. ఊ. అడవిలోకి పోయాడు. ఊ. అప్పుడు ఏనుగొచ్చి చంద్రుణ్ణి మింగేసింది. ఊ. అంతే, అక్క కిసుక్కున నవ్వి, నా చేతులు లోపలికి దోపి దుప్పటి మెడదాకా లాగి, అటు తిరిగి పడుకునేది. పొద్దున లేచి నేను పోట్లాడేదాన్ని, నేను వింటూనే ఉన్నాను, నువ్వే ఆపేశావు అని. "అయితే చంద్రుడేమయ్యాడో చెప్పవే," అనేది అమ్మ ముందు. చెప్పలేకపోయేదాన్ని. ఆ అక్క ఈ అక్కే, పటాలు గీసే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసింది, నదులూ కొండల గట్లూ ఆమె చెయ్యి గీస్తే వెంట్రుకంత గీత ఎక్కడా లావెక్కకుండా సన్నబడకుండా పోయేది, చేత్తో గీయడం పోయి తెరమీద కలంతో గీయడం వచ్చాక కూడా కొత్తవాళ్ళకి అక్క గీసినదే చూపించేవారట. ఫోన్లో మాట్లాడటం ఆమెకి చేతకాదు. బాగున్నాం, మీరు బాగున్నారా, పిల్లలేరి, ఉంటాను. మనిషంతా ఉత్తరాల్లో ఉండేది. దాదాపు రోజు విడిచి రోజు రాసేది, ఆఫీసులో భోజనాల వేళ, ఇంత పొడుగు. ఆఫీసు గుమాస్తా గురక, బావగారి అలకలు, బస్సులో ఎవరి చెవి కమ్మ ఎలా ఉందో. నేనూ పొడుగు జవాబులే రాసేదాన్ని. ఒక్కోదానికి గంట పట్టేది. తర్వాత అత్తగారు మంచాన పడ్డారు, పిల్లల పరీక్షలు, గంట దొరకడం మానేసింది, అక్క ఉత్తరాలు 'జవాబు రాయాలి'లో పసుపుపచ్చగా రెండు, అయిదు, తొమ్మిది. తెర తెరిస్తే ఆ తొమ్మిది నన్ను చూసేవి. విసుగు కాదు అది, విసుగైతే ఒకటి రెండు పారేసేదాన్ని. సిగ్గు. ఆ సిగ్గుని చూడలేక ఒక మధ్యాహ్నం అత్తగారు నిద్రపోతున్నప్పుడు కూర్చుని ఒక మీట తయారు చేసుకున్నాను. దాన్ని నొక్కితే నాలుగు పనులు ఒక్కసారే జరుగుతాయి. ఉత్తరం చదివినట్టు గుర్తు పడుతుంది, ముందు వరసలోంచి పోతుంది, 'ఊ' అన్న చీటీ అంటుకుంటుంది, అక్కకి ఒక జవాబు వెళ్తుంది. 'చదివాను అక్కా. తీరిగ్గా రాస్తాను. నువ్వు జాగ్రత్త.' ఆదివారాలు కూర్చుని 'ఊ' చీటీ ఉన్నవన్నీ వెతికి తీసి చదివి, నిజమైన జవాబులు రాయాలని నా ఏర్పాటు. మొదటి ఆదివారం చదివాను. రెండో ఆదివారం కూడా చదివాను. మూడో ఆదివారం ఏం జరిగిందో జ్ఞాపకం లేదు. తర్వాత ఫోన్లో అక్క "రాశాను కదే" అంటే "ఆ, చదివాను" అనడం కూడా మీట నొక్కినంత తేలికైంది. మావారు ఒకరోజు వెనకనుంచి చూసి, "అక్కగారికే మీట పెట్టావా? రేపు నాకూ పెడతావు కాబోలు," అన్నారు. మీకు ఎప్పుడో పెట్టానండీ, మీకు తెలీట్లేదంతే, అన్నాను. బాగా పేలిందనుకున్నాను ఆ మాట.

మూడున్నర దాటింది. 'ఊ' చీటీ ఉన్నవి ఎన్ని అని అడిగితే ఇది లెక్క చెప్తుంది. ఎప్పుడూ అడగలేదు. అడిగాను. రెండొందల పదకొండు. అన్నింటికన్నా కింద, అన్నింటికన్నా పాతవైపు నుంచి మొదలుపెట్టాను. చదివిన రెండు వారాలూ దాటాను. ఆ తర్వాత వారంలోనే ఉంది. శీర్షిక 'నది పక్కకి పోయింది.' ఆ శీర్షిక నాకు గుర్తుంది. వరదలో నది దారి మార్చుకున్న చోటేదో మళ్ళీ గీస్తున్నారు కాబోలనుకున్నాను. పద్నాలుగు నెలల కిందట, మంగళవారం, మధ్యాహ్నం ఒకటీ ఇరవై. 'చిన్నీ, ఇవాళ ఒక వింత. నది గీస్తున్నాను, నా చెయ్యి దానంతటది పక్కకి పోయింది. నేను పొమ్మనలేదు. రెండు మూడు క్షణాలు నా చెయ్యి నాది కాదు. అప్పుడే రబ్బరు కాలిన వాసన. పక్కవాళ్ళని అడిగితే ఏ వాసనా లేదన్నారు. మీ బావకి ఫోన్ చేసి చెప్తే నీరసం, సరిగ్గా తిను అన్నారు. ఆయన సంగతి తెలుసుగా, ఆయనకి తుమ్మొచ్చినా నీరసమే. నాకు మాత్రం భయంగా ఉంది. డాక్టర్ దగ్గరికి పోవాలంటే సెలవు, ఆయనతో వాదన, అదంతా. నువ్వు వెళ్ళమంటే వెళ్తాను. నీ మాట మీద వెళ్తాను.' దాని కింద రెండక్షరాలు లోపలికి జరిగి నా జవాబు ఉంది. ఒకటీ ఇరవై రెండుకి. చదివాను అక్కా. తీరిగ్గా రాస్తాను. నువ్వు జాగ్రత్త. దానికింద, మర్నాడు అక్క రాసింది. 'నువ్వు చదివి కూడా వెళ్ళమనలేదంటే కంగారు పడాల్సిందేం లేదన్నమాట. నీ కంటికి ఏదీ తప్పించుకోదు, తేడా ఉంటే నన్ను నిలవనిస్తావా? హాయిగా నిద్రపోయానే రాత్రి.' దానికింద నేను. చదివాను అక్కా.

ఎవరో చక్రాల బల్ల తోసుకుపోతున్నారు, ఒక చక్రం కీచుమంటోంది, నూనె చుక్క వేస్తే పోతుంది. కింద నుంచి పైకి చదువుకుంటూ వస్తున్నాను, మొదటిసారి. కప్పులు. మూడు కాదు, చేతిలోంచి జారి పగిలినవి పదకొండు కప్పులు. నది ఇంకో రెండుసార్లు పక్కకి పోయింది, తర్వాత కొండల గట్లు, తర్వాత అక్కని గీయడం మాన్పించి పేర్లు సరిచూసే బల్లకి మార్చారు. 'కళ్ళు అలిసిపోయాయని నేనే అడిగానని చెప్పాను అందరికీ. నీకొక్కదానికే నిజం.' నాకొక్కదానికే. ఒకరోజు తన ఇంటి తలుపు ముందు తాళం చెవుల గుత్తి పట్టుకుని, దాన్ని ఏమంటారో గుర్తుకు రాక పావుగంట నిలబడిందట. ఆ ఉత్తరానికి శీర్షిక 'అదే, అది.' ఆ రెండు మాటలు నా కళ్ళముందు నుంచి పోయిన రోజు నేను పిల్లల చొక్కాలకి బొత్తాలు కుడుతున్నాను, సూది పట్టుకున్న చెయ్యితోనే మీట నొక్కాను. ఉత్తరాలు పొట్టివవుతూ వచ్చాయి. పేజీ, సగం పేజీ, నాలుగు వరసలు. 'ఎడం చేత్తో కొడుతున్నా, తప్పులుంటే ఏమనుకోకు.' నేనేమనుకున్నాను? నేను ఏమీ అనుకోలేదు. ఎప్పుడో ఒకచోట, ఎనిమిది నెలల కిందట, 'నీ జవాబులన్నీ ఒకేలా ఉంటున్నాయి, పనిలో ఉన్నావు కదూ, ఫరవాలేదు, చదువుతున్నావని తెలిస్తే చాలు నాకు.' దాని కింద, నిమిషం లోపల, చదివాను అక్కా. ఆఖరిది తొమ్మిది రోజుల కిందటిది. శీర్షిక లేదు. లోపల ఒక్క మాట, 'చిన్నీ'. అంతే. దానికీ ఊ కొట్టాను.

"దొరికిందా?" అన్నారు బావగారు. లేచి కూర్చున్నారు, ఫైలు ఒళ్ళో పెట్టుకున్నారు. నాలుగు కావడానికి ఆరు నిమిషాలుంది. దొరికింది బావగారూ, పద్నాలుగు నెలలు, అన్నాను. "పద్నాలుగేంటమ్మా? నా పెళ్ళాం, నా ఇంట్లో, నాకు తెలీకుండానా? ఎవరికి చెప్పి చచ్చింది మీ అక్క? నోరు తెరిచి ఒక్కరితో అంటేగా! మింగుకుని మింగుకుని ఇంతదాకా తెచ్చుకుంది." చచ్చింది అన్న మాట నోట్లోంచి వచ్చిందని తెలిసి ఆయనే అదిరిపడి అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీరసం అన్నారట మీరు, అని నేను అనచ్చు. ఆయన చెప్పులు చూస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు అన్న కథ ఆయనకి కావాలి, ఆ కథలో నాకూ చోటుంది. ఇది కూడా నాకు తెలిసిన పనే. డాక్టరమ్మకి చూపించాల్సింది అక్క ఉత్తరాలు, నా జవాబులు కావు కదా. వెతికే గడిలో చివర ఒక్క షరతు కలిపితే చాలు, నేను పంపినవి మినహాయించి, అని. నా వరసలన్నీ మాయమవుతాయి, అక్క మాటలు మాత్రం తారీకుల వారీగా ముత్యాల్లా నిలబడతాయి. అబద్ధం కాదు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. పద్నాలుగు నెలలన్న నిజం డాక్టరమ్మకి అందుతుంది, అక్కకి దక్కాల్సింది దక్కుతుంది. షరతు కొట్టాను. తెర ఎంత శుభ్రంగా అయిందో. రెండొందల పదకొండు ఉత్తరాలు, ఒకదాని కింద ఒకటి, కింద ఎవరూ లేరు. గోడకి చెప్పుకున్నట్టుంది. చదువుతుంటే ఎవరికైనా అనిపిస్తుంది, పాపం ఈమెకి పలికే దిక్కే లేదా అని. కానీ ఉంది. పలికాను. పలక్కపోయినా బాగుండేది, జవాబు రాకపోతే అక్క బస్సెక్కి వచ్చేది, నా తలుపు కొట్టి ఏమే బతికే ఉన్నావా అనేది, నేను ఆ చెయ్యి చూసేదాన్ని. రానివ్వకుండా ఆపింది నా జవాబే. ఇలా శుభ్రం చేసిన తెర నేను జీవితమంతా చేసిన పనుల్లాగే ఉంది, వేలెత్తి చూపడానికి లేకుండా. షరతు తీసేశాను. నా వరసలు మళ్ళీ వచ్చి అక్క ప్రతి మాట కిందా కూర్చున్నాయి.

డాక్టరమ్మ గది చిన్నది, బల్లమీద సగం తాగిన నీళ్ళసీసా, పూల్లేని పూలగిన్నె. కంప్యూటర్ని ఆవిడ వైపు తిప్పాను. కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చదివింది, తొందరేమీ పడలేదు, కాయితం మీద తారీకులు రాసుకుంది. చెయ్యి. వాసన. కప్పు. మాట. నదిదగ్గర రెండుసార్లు ఆగింది. "మంచి పని చేశారు ఇవి దాచి. ఇంత స్పష్టంగా ఏ పేషెంటూ చెప్పరు," అంది. తర్వాత వేలు తెరమీద పెట్టింది. "ఈ కింద మాటిమాటికీ వస్తున్నదేంటమ్మా? ప్రతిదాని కిందా అదే లైను. మెషిన్ పంపేదా?"

అవునండి అనచ్చు. సగం నిజం కూడా. కిటికీ అవతల ఎవరో గచ్చు కడుగుతున్నారు, నీళ్ళు పోసిన చప్పుడు, చీపురు చప్పుడు.

"కాదండి. నేనే," అన్నాను.

బావగారు కుర్చీలో నావైపు తిరిగారు. "అంటే నీకు తెలుసా?"

"తెలీదు బావగారూ. చదవలేదు."

"చదివానని రాశావుగా."

"రాశాను."

ఆయన ఫైలుకున్న నాడాని వేలికి చుట్టుకుంటూ విప్పుతూ ఉన్నారు. డాక్టరమ్మ ఇద్దరివంకా చూడకుండా కాయితం మీద ఏదో గీత గీసింది. "సరే. పద్నాలుగు నెలలు. రేపు పొద్దున మొదటి ఆపరేషన్ ఈవిడదే పెట్టుకుంటాను. ప్రాణానికి నా వంతు ప్రయత్నం చేస్తాను. ఆ కుడిచెయ్యి, మాట, వాటి గురించి మాత్రం నన్నడక్కండి. అవి చాలా మటుకు ఇప్పటికే పోయాయి." ఎప్పుడు పోయాయి, ఏ ఉత్తరానికీ ఏ ఉత్తరానికీ మధ్య పోయాయి, అని నేను అడగలేదు. ఆ తారీకు కూడా నా దగ్గరే ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. దీన్లో ఏదీ పోదు.

అయిదు నిమిషాలు లోపలికి వెళ్ళి చూడనిచ్చారు, ఒక్కళ్ళనే. బావగారు "నువ్వెళ్ళు" అన్నారు, నా మొహం చూడకుండా. అక్క వెల్లకిలా పడుకుని ఉంది, మందు మత్తు, కళ్ళు సగం మూసి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుడిచెయ్యి దుప్పటి పైన ఎవరో అక్కడ పెట్టి మర్చిపోయిన వస్తువులా ఉంది, గోళ్ళలో ఎక్కడా సిరా లేదు. పక్కన కూర్చున్నాను. కంప్యూటర్ బయటే వదిలేశాను.

"అక్కా, నేను. చిన్నీని."

"ఊ," అంది.

వంగి చెవిదగ్గర నోరు పెట్టాను. "అన్నీ చదివానక్కా. ఇవాళే చదివాను. మొదట్నుంచీ."

"ఊ."

"నది పక్కకి పోయింది అన్నావు చూడు, నువ్వప్పుడే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళు అని నేను చెప్పాల్సింది. వినపడుతోందా?"

"ఊ."

ఆ మూడూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ఒకే పొడుగు. నర్సు తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటోంది. నేను అక్క మొహంలోకి చూస్తూ, మెల్లిగా, ఒక్కో మాటా విడిగా అన్నాను.

"అప్పుడు ఏనుగొచ్చి చంద్రుణ్ణి మింగేసింది."

"ఊ," అంది అక్క.

ఆ చెయ్యి తీసి లోపలికి దోపి, దుప్పటి మెడదాకా లాగాను.